మూడోసారి అడగని నయ్యెరె

రష్త్ ఊళ్ళో ఆడవాళ్ళని 'ఖానుం' అంటారు, మనం 'గారు' అన్నట్టు. ఆ ఊళ్ళో తూబా ఖానుంని మర్యాదలో ఓడించినవాళ్ళు ఇంతవరకు పుట్టలేదు. ముప్పైయేళ్ళుగా ఆడవాళ్ళకి జుట్టు కత్తిరిస్తూ, దారంతో కనుబొమలు దిద్దుతూ బతుకుతున్న మనిషి. పనయ్యాక ఎవరైనా డబ్బు తీయబోతే "ఉండనీండమ్మా, మీకన్నా ఎక్కువా?" అంటుంది. వాళ్ళు బతిమాలతారు. ఈవిడ రెండుసార్లు వద్దని, మూడోసారి పుచ్చుకుంటుంది. ఆ ఊళ్ళో అందరిదీ ఇదే వరస. విదేశంలో పెరిగిన పిల్లొకతె మాత్రం "అలాగా, థాంక్సండీ" అని నిజంగానే డబ్బు పర్సులో పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆ ముచ్చట తూబా రెండేళ్ళపాటు వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వించింది.

మొహమాటానికి పోతే ఏమవుతుందో మన పెద్దవాళ్ళు కాస్త మోటుగానే చెప్పారు. తూబాకి అంతకన్నా పెద్ద కష్టమే వచ్చింది.

ఆమె మొగుడు యదొల్లా ఒకప్పటి వడ్రంగి. పూటకో మాత్ర పడితే ఇల్లంతా నవ్విస్తూ తిరుగుతాడు. పడకపోతే మూర్ఛొచ్చి నిలుచున్నచోటే పడిపోతాడు. అతని ఒంటికి సరిపడిన మందు పైదేశానిది. అది రావడం మానేసి రెండు నెలలైంది. ఇంట్లో ఉన్నవి ఇక నాలుగు రోజులకే వస్తాయి.

"మన దేశం మీద ఆంక్షలున్నా, మందుల మీద లేవు ఖానుం. కొనుక్కోండనే అంటున్నారు పైదేశాలవాళ్ళు" అన్నాడు మందుల షాపాయన. "కాకపోతే మనం పంపే డబ్బుని ఏ బ్యాంకూ ముట్టుకోదు."

"అంటే భోజనానికి పిలిచి, లోపల గడియ పెట్టుకున్నట్టు! వాళ్ళూ మనలాగే మర్యాదకంటున్నారన్నమాట" అంది తూబా.

ఆ మధ్యాహ్నమే నయ్యెరె ఖానుం కనుబొమలు దిద్దించుకోవడానికి వచ్చింది. నెలనెలా వచ్చే మనిషే. వానకి తడిసిన సంచీ తుడుచుకుంటూ అందులోంచి ఒక డబ్బా పైకి తీసింది.

"మా అబ్బాయి సియామక్‌కి మందు. మా తమ్ముడు సరిహద్దు అవతలనుంచి రెండు డబ్బాలు తెచ్చాడు."

"అయ్యో, మా ఆయన వేసుకునేదీ ఇదే!"

"అయితే ఇది తీసుకోండి ఖానుం, మీకన్నా ఎక్కువా?"

తూబా గుండె గంతులేసింది. నోరు మాత్రం దాని అలవాటు అది మానుకుంటుందా?

"అబ్బే, వద్దండీ."

"నామీద ఒట్టే, తీసుకోండి."

"ఎంతమాట! అస్సలు వద్దు."

ఇక మూడోసారి అడగడమే తరువాయి. నయ్యెరె "సరే మరి, మీ ఇష్టం" అని డబ్బా సంచీలో వేసి జిప్పు లాగేసింది.

సంగతి విని యదొల్లా పొట్ట పట్టుకుని నవ్వాడు. "నన్ను చంపేది మూర్ఛ కాదే, నీ మర్యాద! అడగందే అమ్మైనా పెట్టదు, వెళ్ళి అడుగు." నవ్వుతూనే ఉన్నాడు కానీ, మాత్రల పట్టీని మాత్రం రెండుసార్లు తిప్పి చూసుకున్నాడు.

మర్నాడు తూబా, పాతబడేకొద్దీ విలువ పెరిగే ఏడేళ్ళనాటి వెల్లుల్లి ఊరగాయ సీసా చంకన పెట్టుకుని నయ్యెరె ఇంటికి వెళ్ళింది. టీ వచ్చింది. కీరదోసకాయలొచ్చాయి. వాన గురించి గంటసేపు మాట్లాడుకున్నారు. వాన గురించి చెప్పడానికి ఇంకేమీ మిగలలేదు.

"నయ్యెరె ఖానుం, నిన్న ఇస్తానన్నారే... ఆ డబ్బా నాకు కావాలి."

నయ్యెరె మొహం పాలిపోయింది. "తూబా ఖానుం... నేను మర్యాదకన్నాను. మా వాడికున్నవే ఆ రెండు."

తూబాకి తల కొట్టేసినట్టయింది. అయినా ఎలాగో నవ్వు తెచ్చుకుంది. "అయ్యో, దానికేం! నేనూ మర్యాదకే అడిగాను."

ఆమె గుమ్మం దగ్గర వంగి చెప్పులు తొడుక్కుంటోంది. కాలు చెప్పులోకి దూరడం లేదు, కళ్ళనిండా నీళ్ళు. వెనకనుంచి నయ్యెరె వచ్చి ఆమె చేతిలో డబ్బా పెట్టింది. మీకన్నా ఎక్కువా అనలేదు. తూబా కూడా వద్దనలేదు. అరవైరెండేళ్ళలో మొదటిసారి, ఇచ్చింది ఇచ్చినట్టే పుచ్చుకుంది.

"తలో డబ్బా అయితే, ఇద్దరివీ ఇంచుమించు ఒకే రోజుకి అయిపోతాయి" అంది నయ్యెరె, మెల్లగా.

"ఆ రోజుదాకా ఎందుకు? రేపట్నించే కలిసి వెతుకుదాం. రోజూ పొద్దున్నే మా కొట్టుకి రండి. ముందు మీకు జుట్టు చక్కగా దువ్వుతా, ఊరికే."

"ఊరికేనా? మర్యాదకంటున్నారా, నిజంగానా?"

తూబా ఆలోచించింది. డబ్బాని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

"నిజంగానే" అంది.