సడలించి కట్టిన దడి

మా మామ కట్టిన మొదటి దడిని చూడడానికి జనం వచ్చేవారు. దడిని చూడడానికి కూడా ఎవరైనా వస్తారా అని మీరు నవ్వుకోవచ్చు. నేనూ నవ్వాను, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. అప్పటికి నేను ఆ ఇంటికి కొత్త కోడల్ని. పైకి నవ్వే హక్కు ఇంకా రాలేదు.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులవి. మాది నేత కుటుంబం. అంతకుముందు మా అత్తింటివాళ్లు మట్టెవాడలో ఉండేవారు. అక్కడ ఇంటి ముందు సందులోనే పడుగు సాగదీసేవారు. పడుగంటే మగ్గం ఎక్కబోయే నిలువు పోగులు. వాటిని వీధి పొడుగునా బారుగా చాచి, జొన్న గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఆరబెడితే తప్ప నేతకు నిలవవు. సందులో బండ్లూ సైకిళ్లూ ఎక్కువై చోటు లేకుండా పోయింది. అందుకని హసన్‌పర్తి చెరువు దిక్కున, అత్తమ్మకు పుట్టింటివాళ్లు ఇచ్చిన జాగాలో రెండు గదుల ఇల్లు వేసుకుని మగ్గాన్ని అక్కడికి మార్చారు. జాగా విశాలమే. చిక్కంతా మేకలతో వచ్చింది. చెరువుకు పోయే మందలన్నీ మా వాకిలి ముందు నుంచే పోయేవి. గంజి వాసన తగిలిందంటే మేకను ఆ దేవుడు కూడా ఆపలేడు. ముందు పోగుల్ని నాకుతుంది, రుచి తెలిశాక నములుతుంది.

అందుకే దడి. మా మామ నేతగాడు, ఏ పని చేసినా నేతలాగే చేసేవాడు. ఎండాకాలంలో, నేల నెర్రెలు విచ్చి ఉన్నప్పుడు, తుమ్మ గుంజలు వరుసగా పాతాడు. తానే పేనిన జనుము తాళ్లను ఈ మూల గుంజ నుంచి ఆ మూల గుంజ దాకా ఎక్కడా తెగ్గొట్టకుండా చాచి, కర్ర పెట్టి మెలితిప్పి, పడుగును బిగించినట్టు బిగించాడు. ఆ తాళ్ల మధ్య వాయిలి చెట్టు సన్న బరిగెల్ని, మగ్గం మీద అడ్డపోగు పేక వేసినట్టు, ఒకటి విడిచి ఒకటి అల్లాడు. అయ్యాక వేలితో మీటితే తాడు మోగేది. నిజంగానే మోగేది. చెరువుకు నీళ్లకు పోయే ఆడవాళ్లు కుండ దించి మరీ మీటి చూసేవారు.

అత్తమ్మ ఒక్కతే మెచ్చుకోలేదు. ఆమె పుట్టింది ఆ నల్లరేగడి నేలలోనే.

"గంత బిగ్గర గుంజకయ్యా. అది దడి, చీరె గాదు," అంది.

"వదులు పడుగుతోని బట్టయితదా? వదులు తాడుతోని దడి గూడ గంతే," అన్నాడు మామ.

అత్తమ్మ వాదించలేదు. వాకిట్లో తలుపులా వేసే తడక కట్టే పని మాత్రం తనే తీసుకుంది. రెండు గుంజలు దడి తాడుకు తగలకుండా విడిగా పాతించి, పాత చీర పేలికలతో తడకను లొడలొడలాడేటట్టు కట్టింది. మామ దాన్ని చూసినప్పుడల్లా మొహం పక్కకు తిప్పుకునేవాడు.

ఆ ఏడు నూలుకు కరువు వచ్చింది. సర్కారు నూలు మీద కంట్రోలు పెట్టింది, మంచి నూలు కళ్లపడడమే గగనమైపోయింది. మగ్గాలు చాలా ఇళ్లలో మూలన పడ్డాయి. మా ఇంట్లో ఒక్క పడుగుకు సరిపోయే నూలు మిగిలింది. మా ఆయన ఒకరోజు అన్నం ముందు కూర్చుని, తల ఎత్తకుండా అన్నాడు.

"బాపూ, డోర్నకల్ల రైలు పనికి మనుషులను తీసుకుంటాండ్రట. నేను పోత."

మామ ముద్ద దించాడు. "గీ పడుగు మగ్గమెక్కనియ్యి. బట్ట మంచిగస్తే షావుకారి మళ్ల నూలిస్తనన్నడు. ఎక్కకపోతే నువ్వన్నట్టే పో, నేను అడ్డం రాను."

ఆ మాటకు ఒప్పుకున్నాడు గానీ మా ఆయన మూట మాత్రం కట్టి పెట్టుకున్నాడు. రెండు ధోవతులు, ఒక దుప్పటి, పైన గట్టి తాడు. అది గోడకున్న చిలక్కొయ్యకు వేలాడుతుండేది. వంట చేస్తున్నా, ఊడుస్తున్నా నా కళ్లు దానిమీదికే పోయేవి. పెళ్లయి ఏడాది కూడా నిండలేదు. నాకు ఆ మూటంటే భయం. భయం కంటే కోపం ఎక్కువ.

ముసురు పట్టింది. పడుగు చాచడానికి వీల్లేదు, చాచకుండా ఉంచితే నూలుకు బూజు పడుతుంది. అందరం ఆకాశం మొహం చూస్తూ కూర్చున్నాం. ఒక పొద్దున మబ్బు విడిచి ఎండ పొడిచింది. మామ ఇంకెవరి మాటా వినలేదు. చుట్టుపక్కల ఆడవాళ్లను పిలిచి పడుగు చాపించాడు. రెండు పూతలకు రెండు కుండల గంజి కాచాను. మా ఆయన పడుగు అవతలి కొస పట్టుకుని నిలబడ్డాడు, మామ కుంచె పట్టాడు. కుంచె మొదలుపెడితే మధ్యలో ఆపకూడదు. ఆపిన చోట గంజి అట్టకట్టి పోగులు తెగిపోతాయి.

సగం దువ్వాడో లేదో, వెనక కిర్రుమని చప్పుడైంది. మూల గుంజ లోపలికి వాలుతోంది. ఎండకు రాయిలా ఉండే రేగడి వానకు ఉబ్బి మెత్తబడింది, ఇక గుంజను పట్టుకోలేకపోయింది. పైగా తడిసిన జనుము తాడు కుంచించుకుపోతుంది. అంతకుముందే ప్రాణం పోయేటట్టు బిగించిన తాడు ఇంకా బిగుసుకుంటే ఎక్కడికి పోతుంది? మూల గుంజను పెరికేసింది. ఒకే తాడుకు కట్టిన గుంజలు కాబట్టి ఒకదాని వెంట ఒకటి ఒరిగి, చెరువు వైపు దడి మొత్తం బురదలో పడుకుంది.

సరిగ్గా అప్పుడే మేకల మంద వచ్చింది. ముందున్న మేకపోతు ఆగి, మూతి పైకెత్తి వాసన చూసింది. మామ దాన్ని చూశాడు. చూసి, మళ్లీ పడుగు వైపు తిరిగి కుంచె ఆడిస్తూనే ఉన్నాడు. ఆయన మెడ మీద నరాలు తేలడం నాకు కనపడింది. ఆ క్షణంలో పరిగెత్తాలనిపించని మనిషి ఉండడు. ఆయన పరిగెత్తలేదు. ఆయన మీద నాకు గౌరవం పుట్టింది అప్పుడే.

"రెండో కుండ తీస్కపో," అంది అత్తమ్మ నాతో. "ఆ చెరువు కాలువ అవతలి గట్టుమీద పొయ్యి. పో బిడ్డా."

"అది రెండో పూతకు గదా అత్తమ్మా?"

"పూత మళ్ల గాసుకుందాం. పడుగు మళ్ల రాదు."

కుండ చంకన పెట్టుకుని, పడిన దడి తొక్కుకుంటూ మేకల ముందు నుంచే పరిగెత్తాను. గంజి వాసన నాతో పాటు కదిలింది, మంద కూడా నాతో పాటు మళ్లింది. కాలువ అవతలి గట్టు మీద కుండ బోర్లించాను. అవి గంజి మీద పడి కుమ్ముకుంటుంటే, కాపరి వచ్చి తిట్టుకుంటూ వాటిని చెరువుకు తోలాడు. నేను తిరిగొచ్చేసరికి అత్తమ్మా మిగతా ఆడవాళ్లూ దడి పడిన చోట వరుసగా నిలబడి ఉన్నారు, చేతులు నడుముకు పెట్టుకుని. ఒక్క మేక కూడా లోపలికి రాలేదు. రాత్రి వంటకని పెట్టుకున్న జొన్నపిండి రెండో పూతకు పోయింది. ఆ పూట మా వంతు అన్నం పడుగే తిన్నది. మేం ఉడికించిన చిక్కుడుకాయలు తిని పడుకున్నాం.

పడుగు ఆరి, మగ్గమెక్కింది. ఆ తర్వాతే మామ దడి దగ్గరికి పోయాడు. కోప్పడతాడనుకున్నాను. పడిన గుంజల పక్కన గొంతుక్కూర్చుని ఒక్కొక్క గుంత చేయి పెట్టి చూశాడు. తర్వాత వాకిట్లో లొడలొడలాడుతున్న తడక దగ్గరికి పోయి, నిటారుగా ఉన్న ఆ రెండు గుంజల్నీ పట్టుకుని ఊపి చూశాడు. అత్తమ్మ గడపలో నిలబడి చూస్తోంది. మామ ఆమె వైపు చూసి పెద్దగా నవ్వాడు.

అప్పుడు నా వైపు తిరిగాడు. కొత్త కోడలితో మామ ఎదురుగా మాట్లాడే రివాజు మా ఇళ్లలో లేదు. ఏం కావాలన్నా అత్తమ్మతో చెప్పించేవాడు.

"బిడ్డా, మీ ఊర్ల గుంజలెట్ల పాతుతరు?"

నేను కొంగు తల మీదికి లాక్కున్నాను. మాది ఎర్రమట్టి చెలకల ఊరు. మెల్లగా చెప్పాను. "మొరం పోసి దంచుతరు మామా. మొరంల నీళ్లు నిలవయి, గుంజ కదలది."

మర్నాడే బండి కట్టించుకుని మా ఊరి దిక్కుకే పోయి ఎర్ర గులక మొరం తెచ్చాడు. గుంతలు వెడల్పుగా తవ్వి, గుంజల మొదళ్లు మంటలో కాల్చి, రేగడి తీసేసిన చోట మొరం పోసి దంచాడు. ఈసారి తాడు మూల నుంచి మూలకు పోలేదు. ఏ రెండు గుంజల మధ్య తాడు ఆ రెండింటికే, ఒకటి పడితే ఇంకొకటి పడకుండా. ఎండిన బరిగెలకు బదులు పచ్చి వాయిలి కొమ్మలు గుచ్చాడు. అవి వేళ్లు తన్ని చిగుర్లు వేశాయి. వాయిలి ఆకును మేక మూతితో కూడా ముట్టదు.

అన్నిటికంటే నేను చూసి మురిసింది తాళ్లు కట్టడం. ముడి వేసేటప్పుడు ఆయన చేయి అలవాటుగా బిగించబోయేది. ఆగేవాడు. మళ్లీ సడలించేవాడు. మట్టెవాడ మొత్తంలో అంత బిగువు నేత ఇంకొకరికి రాదని పేరున్న మనిషి, ఆ వయసులో, కోడలి ముందు కూర్చుని వదులుగా కట్టడం నేర్చుకున్నాడు. దానికి సిగ్గుపడలేదు, గొప్పా చెప్పుకోలేదు. అలాంటి మగవాణ్ణి నేను అంతకుముందు చూడలేదు.

ఆఖరి రెండు గుంజల దగ్గర తాడు చాలలేదు. లోపల మా ఆయన మగ్గం మీద ఉన్నాడు, చప్పుడు వినబడుతోంది. మామ ఇంట్లోకి తొంగి చూశాడు.

"బిడ్డా, ఆ చిలక్కొయ్యకున్న మూట తాడు జర ఇప్పుకరా."

నేను కదల్లేదు. మగ్గం చప్పుడు ఆగింది. అందరం మా ఆయన ఏమంటాడోనని చూస్తున్నాం.

"ఇయ్యి," అన్నాడు మా ఆయన లోపలి నుంచి. "నాకిప్పుడు దాంతోని పనిలేదు."

మూట విప్పాను. ముడి విప్పడానికి పళ్లు కూడా వాడాను. తాడు తెచ్చి ఇస్తే మామ దాన్ని ఆఖరి గుంజకు చుట్టి ముడి వేశాడు, రెండు వేళ్లు దూరేటంత వదులుగా. లోపల మగ్గం మళ్లీ ఆడింది.