మోకు మీద ఎర్రగుడ్డ

ఈడ కూర్చో పాపా. ఫోన్లో నా గొంతు ఎక్కితే చాలదు, చెవులు కూడా ఇటు పెట్టు. అరవై దాటినాక ముసిల్దానికి కారు పిచ్చి పట్టిందని మీ నాయనతో సహా అందరూ నవ్వినారే, అసలు సంగతి ఎవరికీ చెప్పలా. మీ తాత అంగడికి పోయుండాడు, వచ్చేలోపల చెప్పేస్తా.

ఆ కారు కార్వేటినగరంలో ఒక పెద్దాయన షెడ్డులో ఉండింది. గుండ్రటి లైట్లు, ముందర బెంచీ మాదిరి ఒకటే సీటు, గేరు కడ్డీ స్టీరింగు పక్కనే. మీ తాత పెండ్లికి ముందు నగరిలో ఒక గుడ్డల షావుకారుకు అట్లాంటి కారే తోలినాడు. మగ్గాలు మీ నాయన చేతికి ఇచ్చేసినాక ఆయనకు ఇంక ఆ కారు తప్ప వేరే ధ్యాస లేదు. కొనేసినాడు. ఇంజిను మాత్రం కదల్లా. సరే, ట్రాక్టరుకు మోకు కట్టి పుత్తూరుకు లాక్కొచ్చేదానికి మాట్లాడుకున్నాము.

లాగే కారుకైనా స్టీరింగు పట్టే మనిషి కావాల. మోకు ఎప్పుడూ బిగువుగా ఉండాల. వదులైతే బ్రేకు తొక్కాల, లేకుంటే పోయి ట్రాక్టరును గుద్దేస్తాది. అడ్డం వచ్చేవాళ్ళకు తెలిసేదానికి మోకు నడుమ ఎర్రగుడ్డ కట్టినారు. మీ తాత స్టీరింగు దగ్గర, నేను పక్కన.

ఊరు దాటినాక అడిగినాడు, "మే, మోకు ఎట్లుండాది?"

"బిగువుగానే ఉండాది" అన్నా.

ఇంకొంచెం దూరం పోయినాక మళ్ళా అదే మాట. ఊరికే మాట కలపతా ఉండాడు అనుకున్నా. అంతలో గాలికి ఆ ఎర్రగుడ్డ ఊడి, ఎగిరిపోయి కంపలో పడింది. ఆయన తల కూడా అటు తిప్పలా.

"ఏమయ్యా, గుడ్డ ఉండాదా?" అన్నా.

"ఓ, ఊగతా ఉండాది గదా, జెండా మాదిరి" అన్నాడు.

తిరిగి చూస్తే, తల ఒక పక్కకు వంచి ట్రాక్టరు శబ్దం వింటా ఉండాడు. మిట్టమధ్యాన్నం ఎండలో ఆ మనిషి చెవులతో కారు తోలతా ఉండాడు!

ముందర దిగువ. మేకల మంద రోడ్డెక్కింది. ట్రాక్టరు ఆగిపోయింది. మోకు నేల మీద పడి మా చక్రాల కిందికి వస్తా ఉండాది. "తొక్కు! తొక్కయ్యా!" అని అరిచినా. తొక్కినాడు. పాత బ్రేకు, పట్టలా. మళ్ళా తొక్కినాడు. ట్రాక్టరు కొక్కేనికి జానెడు దూరంలో నిలబడింది.

ట్రాక్టరాయన దిగొచ్చి, "ఏం పెద్దాయనా, దిండేసుకోని నిద్రపోయినావా?" అన్నాడు.

"నేనే మాటల్లో పెట్టినానప్పా" అని అబద్ధం చెప్పినా.

ఆయన పోయినాక మెల్లగా అడిగినా, "ఎన్నాళ్ళ నుంచి?"

మీ తాత స్టీరింగు గట్టిగా పట్టుకోని, "డాక్టరు దగ్గరికి పోతే ఇంక ఇది ముట్టుకోవద్దంటాడు. ఎవురికీ చెప్పొద్దు మే" అన్నాడు.

మిగతా దారంతా కండ్లు నావి, కాళ్ళు చేతులు ఆయనవి. ఎడమకు, తొక్కు, వదులు, అదిగో ఎనుము వస్తా ఉండాది. ఇల్లు చేరేసరికి నా గొంతు పోయింది.

మెకానిక్కు ఇంజిను లేపినాక నేను ఒకటే మాట చెప్పినా. "నువ్వు స్టీరింగు పట్టుకుంటే అందరికీ చెప్పేస్తా. నాకు నేర్పించు." ఎల్ బోర్డు అంటించి, ప్లాట్లు వేసి వదిలేసిన బయల్లో మొదలుపెట్టినాము. తోలేది నేను, పక్కన కూర్చోని గేరు వేసేది ఆయన. శబ్దం విని, "క్లచ్ తొక్కు, ఇంజిను ఏడస్తా ఉండాది" అంటాడు, టక్కున కడ్డీ తోస్తాడు. ఒకరోజు పోయి హద్దురాయిని గుద్దినా. "కండ్లుండేదానివి నువ్వేగదా!" అన్నాడు. నాకు నవ్వు రాలా.

రెండు నెలలకు, తిరుచానూరు అమ్మవారి దగ్గరికి పోదామని బయల్దేరదీసినా. పెద్దరోడ్డు మీద అదే మొదలు. లారీలు వెనకనుంచి హారన్ కొడతా ఉంటే అరిచేతుల చెమటకు స్టీరింగు జారతా ఉండింది. తిరుచానూరు దారి వదిలేసి తిరుపతిలోకి తిప్పినా. ఆయనకు చెప్పలా.

"పూలమ్మేవాళ్ళ అరుపులు యాడ మే? ఈ పాటికి వచ్చేసుండాలే" అన్నాడు.

కంటి ఆస్పత్రి ముందర నిలబెట్టి ఇంజిను ఆపినా. మందుల వాసన తగిలుంటాది. గేరు మీద ఆయన చెయ్యి అట్లే ఉండిపోయింది.

"మోసం చేసినావు."

"చేసినా. దిగు."

కదల్లా. వెనక ఆటోవాళ్ళు తిడతా ఉండారు. దిగి ఆయన పక్క డోరు తెరిచి నిలబడినా. ఎంతసేపటికో కాలు కింద పెట్టి, "మెట్లు ఎన్నుండాయి?" అన్నాడు.

"నాలుగు."

నా భుజం పట్టుకోని ఎక్కినాడు. లోపల డాక్టరమ్మ లైటేసి చూసి, నన్ను పక్కకు పిలిచి ఏమనిందంటే, ఎడమ కన్ను...

"అత్తా! సంగటి ఆరిపోతా ఉండాది, రా!"

మీ అమ్మ పిలస్తా ఉండాది. వస్తా ఉండామమ్మా, వస్తా ఉండాము! ఆ ఎడమ కన్ను ఉండాదే పాపా, దాంట్లో కొంచెం చూపు మిగిలుండాదంట, దాంతోనే మీ తాత ఇప్పుడు అంగడికి పోయొస్తా ఉండాడు, ఇంక ఫోను ఆపెయ్.