బంతిలో కూర్చున్నోళ్లనే అను

సైనిక్‌పురిలో నేను జోకులు చెప్పబోయే కఫే వంటగదిలో ఎవరో స్టీలు పళ్లెం బోర్లించి దరువేస్తున్నారు. పనిలేని దరువే, కానీ వినగానే నాకు రాజమణి పెద్దమ్మ గుర్తొచ్చింది. మెట్టుగూడలో మా పక్కిల్లు ఆవిడది. చుట్టరికం ఏమీ లేదు, అమ్మకంటే పెద్దది కాబట్టి పెద్దమ్మ. పెళ్లిళ్లలో పళ్లెం బోర్లించి ఉంగరంతో టకటకా కొడుతూ వియ్యాలవారిని తిడుతూ పాటలు పాడేది. ఇవాళ నేను మైకు పట్టుకుని సగంమందిని నవ్విస్తున్నానంటే, మిగతా సగంమందిచేత తిట్లు తింటున్నానంటే, ఆ పాపపుణ్యాలు రెండూ ఆవిడవే. "ఇవాళ ఆ కాకి జోకు వద్దులెండి, మేడమ్" అని కఫే యజమాని ఇందాకే చెప్పిపోయాడు. ఆ జోకు సంగతి తేలాలంటే ముందు ఆవిడ సంగతి చెప్పాలి.

నేను ఇంటర్ చదివే రోజుల్లో నేరేడ్‌మెట్‌లో మా వీధి అమ్మాయి పెళ్లి జరిగింది. పెళ్లికొడుకు తల్లి పొద్దుటినుంచీ వంకలు పెడుతూనే ఉంది. కాఫీ చల్లారిందంది, కుర్చీలు చాలలేదంది. చివరికి బంతిలో కూర్చుని, పప్పులో ఉప్పు లేదని పెళ్లికూతురి తండ్రిని పిలిపించి ఎదురుగా నిలబెట్టింది. ఆ పెద్దమనిషి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నాకు ఒళ్లు మండిపోయింది. పెద్దమ్మ మాత్రం పళ్లెం బోర్లించింది.

"పప్పుల ఉప్పు లేదంటివే వియ్యపురాలా, నీ పిలగాని బుర్రల గుజ్జున్నదా సూస్కుంటివా!"

హాలంతా ఘొల్లుమంది. పెళ్లికొడుకు మేనమామ దిగ్గున లేచాడు. "ఏందమ్మా గిది? పిలిచి ఇజ్జత్ దీస్తున్నరా?"

"పాటకు పాటనే జవాబు, అన్నా," అంది పెద్దమ్మ. "మీ తాన పాడేటోళ్లు లేరా? పాడుండ్రి. నేను యాడికి పోత, గీడనే కూసుంట."

వియ్యపురాలు తక్కువదేమీ కాదు. పెద్దమ్మ గారపళ్లనూ కుర్చీలో పట్టని ఒంటినీ కలిపి అక్కడికక్కడే ఒక చరణం కట్టేసింది. అది విని అందరికంటే గట్టిగా నవ్వింది పెద్దమ్మే. కొంగుతో కళ్లు తుడుచుకుంటూ "వారెవ్వా, మల్లొక్కసారి పాడు వదినా" అని అడిగి మరీ పాడించుకుంది. ఆ ఊపులో పెళ్లికూతురి చెల్లెలొకతె, కుంటుకుంటూ చారు వడ్డిస్తున్న మనిషిమీద పాట ఎత్తుకుంది. ఇంకా రెండో మాట రాకముందే పెద్దమ్మ దాని నోరు మూసింది.

"బంతిల కూసున్నోళ్లను అను, బిడ్డా. వడ్డిచ్చేటోళ్లను అనకు. ఆళ్లకు తిరిగి పాడనీకి ఉండది."

నాకు తెలిసిన విద్య అంతా ఆ ఒక్క మాటే. తర్వాత ఎన్నో షోలు చూశాను. వాచ్‌మన్ నడకమీద, పనిమనిషి యాసమీద జోకులేసి, అదేమంటే బోల్డ్ కామెడీ అంటారు. ఏం బోల్డ్, నీ మొహం! తిరిగి ఒక్క మాట అనలేనివాళ్లను అనడానికి ధైర్యం దేనికి? ఇంకోపక్క, పెద్దలనూ ఆచారాలనూ ఏమీ అనకూడదని కళ్లెర్రజేసేవాళ్లు. అయ్యా, పెద్దలెప్పుడూ మొదటి బంతిలోనే కదా కూర్చునేది! వాళ్లను కాక ఎవరిని అనాలి?

ఇక కాకి సంగతి. మావైపు మనిషి పోతే మూడోరోజు పిట్టకు పెడతారు. విస్తట్లో అన్నం పెట్టి అందరూ దూరంగా నిలబడితే కాకి వచ్చి ముట్టాలి. ముట్టలేదంటే పోయినవారికి ఏదో కోరిక మిగిలిపోయిందని నమ్మకం. అప్పుడు అయినవాళ్లు ముందుకొచ్చి, ఆ కోరిక తీరుస్తామని మాట ఇస్తారు. మా నాయన పోయినప్పుడు ఎంతసేపటికీ కాకి రాలేదు. నాయన అన్న, అంటే మా పెదనాయన, చేతులు జోడించి ముందుకు నడిచాడు.

"తమ్మీ, నీ బిడ్డ పెండ్లి నేను జేస్తనే. పరేషాన్ గాకు, రా."

కాకి గోడమీదే కూర్చుంది.

"ఈ యేడాదే జేస్తా. ఆ సైనిక్‌పురి సంబంధమే ఖాయం జేస్తా, రా!"

కాకి ఇంకాస్త పక్కకు జరిగింది. నాకు లోపల దుఃఖం, నెత్తిమీద ఎండ. నేను ఎప్పుడో వద్దన్న ఆ సంబంధం మాటతో తిక్క కూడా రేగింది. "నాయనా, నేను ఇప్పట్ల పెండ్లి జేస్కోను. ఇగ తిను," అన్నాను. అంతే, రెక్కలు టపటపలాడిస్తూ వచ్చి విస్తట్లో వాలింది. అందరూ కొయ్యబారిపోయారు. నవ్వింది పెద్దమ్మ ఒక్కతే. నవ్వుతూనే ఏడ్చేసింది.

అదే నేను స్టేజీమీద చెప్పాను. చివర ఒక ముక్క కలిపాను: "కాకికి కూడా అర్థమైంది, మా పెదనాయనకే ఇంకా కాలేదు." ఎవరో వీడియో తీసి వదిలారు. చచ్చినవాళ్లతో పరాచికాలా అని సగంమంది దుమ్మెత్తి పోశారు. మా ఇంట్లోనూ ఇంతేనమ్మా అని మిగతా సగం పొట్టచెక్కలయ్యేలా నవ్వారు. అప్పుడు ఈ కఫే యజమానే, కోస్తానుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి, ఫోన్ చేశాడు. "ఒక్క సారీ వీడియో పెట్టేస్తే గొడవుండదు కదండీ. లేదంటే మీ షో ఆపేస్తానండీ," అన్నాడు. అదే సాయంత్రం పెదనాయన ఇంటికొచ్చాడు. చేతులెత్తి దండం పెట్టి సారీ చెప్పాలి, ఆ వీడియో చుట్టాలందరికీ పోవాలి, లేదంటే ఈ గడప తొక్కనన్నాడు. అమ్మ భయపడిపోయి, నాకు నచ్చజెప్పమని పెద్దమ్మను పిలుచుకొచ్చింది. వచ్చింది మహాతల్లి! నచ్చజెప్పడం దేవుడెరుగు, పెదనాయన ఎదురుగా నాకు కుర్చీ వేసింది.

"గా జోకు ఈయన ముంగట చెప్పు."

"పెద్దమ్మా!"

"ఎనక చెప్పినవు గద, ముంగట చెప్పరాదా? చెప్పలేకుంటే సారీ చెప్పు, ఇడిసిపెట్టు."

వేలమంది చూసిన జోకు ఆ ఒక్క మనిషి ముందు చెప్పడమే కష్టం. అయినా చెప్పాను. ఒక్క ముక్క తగ్గించలేదు. పెదనాయన ముఖంలో నవ్వు లేదు. పెద్దమ్మ ఆయనవైపు తిరిగింది. "ఇగ నీ వంతు, అన్నా. ఏమంటవో అను, అది కూసోని ఇంటది."

"ఆడు బతికినన్నొద్దులు నా మాట ఇనలే. కాకైనంక ఇంటడా?" అన్నాడు పెదనాయన.

నాయన పోయాక అమ్మ మొదటిసారి నవ్వింది. పెదనాయన కూడా నవ్వబోయి ఆపుకున్నాడు. "నవ్వొచ్చినా తప్పు తప్పే," అని చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. ఇప్పటికీ మా ఇంటికి రాడు. బాధ లేదని అబద్ధం చెప్పను, చాలా ఉంది. అయినా సారీ చెప్పలేదు. షో రద్దయింది, అవనీ. పెద్దమ్మ మాత్రం ఆ పూట నన్ను మెచ్చుకోలేదు. "జోకు మంచిగనే ఉంది గని, జెర పొడుగైంది," అంది.

పోయిన ఎండాకాలం పెద్దమ్మ కన్నుమూసింది. జనం అడుగుతున్నారని కఫే యజమాని నన్ను మళ్లీ పిలిచాడు, కాకి ఒక్కటి తప్ప ఏదైనా చెప్పుకోమన్నాడు. ఈ సాయంత్రం నా పేరు పిలవగానే స్టేజీ ఎక్కి నేను మొదట చెప్పింది ఆ కాకి జోకే. సగంలో ముందువరసలోంచి ఒక పెద్దాయన లేచి, "మీ ఇంట్ల పెద్దోళ్లు ఎవరు లేరా, ఇవన్ని నేర్పనీకి?" అని అరిచాడు. యజమాని తలుపు దగ్గరనుంచి చేతులూపుతున్నాడు, ఆపెయ్యమని.

నేను దిగి వెళ్లి ఆ పెద్దాయన చేతికి మైకిచ్చాను. ఆయన కుర్చీలో కూర్చున్నాను. ముందు తడబడ్డాడు, తర్వాత నన్నూ నా చదువునూ కలిపి కడుపారా తిట్టాడు. అడ్డం రాకుండా అంతా విన్నాను. అయిపోయాక లేచి, ఆయన కుర్చీ ఆయనకిచ్చి, మైకు తీసుకుని కాకి జోకు మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాను.