మొదటి పరీక్షకు పద్దెనిమిదే

కరోనా రెండో ఏడు మా స్టాఫ్‌రూములో ఒక ఇస్త్రీపెట్టె ఉండేది. బట్టలకు కాదు, జవాబు పత్రాలకు. మా సోషల్ సారు ఒక్కో పేపరునూ బల్ల మీద పరిచి, అటూ ఇటూ తిప్పి ఇస్త్రీ చేసి, "సచ్చింది పురుగు" అని కట్టలో పెట్టేవాడు. అంత శ్రద్ధగా కాల్చిన పేపరు లోపల పిల్లవాడు ఏం రాశాడో మాత్రం చూసేవాడు కాదు. పైన పేరు చదివి, పంతొమ్మిదో ఇరవయ్యో వేసి పక్కకు నెట్టేవాడు. ఇరవై ఏళ్లుగా ఇబ్రహీంపట్నంలో పాఠాలు చెబుతున్న మనిషి! ఛీ, ఇదీ ఒక ఉద్యోగమేనా అనుకునేదాన్ని.

నేను ఆ బడిలో లెక్కల టీచర్ని. పదో తరగతి నాదే. దిద్దకుండా మార్కులు వేయడమంటే నాకు ఒళ్లుమంట. ఆ రెండేళ్లలో నా చుట్టూ జరిగిన తతంగమంతా చూసి, ఈ బడి మొత్తానికి టీచరంటూ మిగిలింది నేనొక్కదాన్నే అని గట్టిగా నమ్మాను. ఆ నమ్మకం గురించే చెప్పాలి.

బడి మూసి ఉన్న నెలల్లో పాఠాలు టీవీలో వచ్చేవి. పిల్లలు వాటిని చూస్తున్నట్టు ఇంటింటికీ తిరిగి ఫొటోలు తీయడం మా పని. పొద్దున తొమ్మిదింటికి హెచ్‌ఎం గ్రూపులో మెసేజ్ పెట్టేవారు: "అత్యవసరం, పదింటికల్లా పంపాలి." పాఠం మొదలయ్యేదే పదిన్నరకు. అయినా పంపేవాళ్లం! ఒకరోజు హిందీ మేడంతో కలిసి ఒక ఇంటికి వెళితే కరెంటు లేదు. ఆ ఇల్లాలు మొహమాటపడుతూ, "టీవీ వస్తలేదు మేడం" అంది. హిందీ మేడం ఏమాత్రం తొణకలేదు. "ఏం ఫికర్ లేదక్కా. బిడ్డా, టీవీ ముంగట కూసో, నోట్‌బుక్కు పట్టుకో, జర రాస్తున్నట్టు పెట్టు" అని ఫొటో తీసి పంపేసింది. నల్లటి తెర వైపు చూస్తూ నోట్సు రాసుకుంటున్న పిల్ల. ఆ ఫొటోకు పైనుంచి శభాష్ అని జవాబొచ్చింది. ఇక ఏమనాలి వీళ్లను?

అదే వాడలో నా క్లాసు పిల్ల ఒకతి ఉండేది. వాళ్ల నాన్నకు బస్టాండు దగ్గర మోటర్ వైండింగ్ షాపు. ఇంట్లో టీవీ లేదు, నాన్న ఫోనొక్కటే. ఆయన అన్నానికి ఇంటికొచ్చినప్పుడు లెక్కలు చేసిన కాగితం ఫొటో తీయించి నాకు పంపేది. ఫొటో మూలన ఎప్పుడూ ఆయన బొటనవేలు, మసితో నల్లగా. తప్పు చూపిస్తే మర్నాడు అదే లెక్క మళ్లీ చేసి పంపేది. నగరంలో ఒక ఆడపిల్లల కాలేజీ ఉంది, పదో తరగతి గ్రేడు చూసి హాస్టలుతో సహా సీటిస్తారు. ఎంపీసీ అక్కడే చదువుతానని పట్టుబట్టి కూర్చుంది. "ఆడ సీటొస్తేనే మా అబ్బా ఇంటర్ చదివిపిస్తడు మేడం, లేకుంటే కుట్టుమిషిన్ మీద కూసోవాలె" అని నాతో నవ్వుతూనే చెప్పింది.

మధ్యలో కొన్ని వారాలు బడి తెరిచారు. అప్పుడే మొదటి ఎఫ్ఏ పెట్టాం. ఏడాదికి నాలుగుసార్లు జరిగే ఇరవై మార్కుల చిన్న పరీక్ష అది. ఈ పరీక్షకు మా బడిలో ఒక ఆచారముంది. తనిఖీకి వచ్చే అధికారి పిల్లల పుస్తకాలు తెరవడు, మార్కుల రిజిస్టరు తెరుస్తాడు. మొదటి పరీక్షకు తక్కువుండి, నాలుగోదానికి పెరుగుతూ పోతే "ప్రగతి బాగున్నది" అని సంతకం పెట్టి టీ తాగి వెళ్లిపోతాడు. అందుకని ఎంత బాగా రాసిన పిల్లకైనా మొదటిసారి మార్కు పద్దెనిమిది దాటనివ్వం. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ఒకరికి ఇరవై వేస్తే హెచ్‌ఎం పిలిచి, "మొదట్నే ఇరవై ఏస్తే నాలుగోదానికి ఏడికి పోతవమ్మా?" అని నవ్వారు. అప్పటి నుంచీ నేనూ వేయలేదు. సోషల్ సారుకు ఆ ఆచారం పాటించే ఓపిక కూడా లేదు. మిగతావాళ్లూ ఆ ఏడాది కరోనా పేరు చెప్పి చేతికొచ్చిన అంకె వేసేశారు.

నేను మాత్రం ప్రతి పేపరూ దిద్దాను. ఆ పిల్ల పేపరు రెండుసార్లు చదివాను. నిజం చెబుతున్నాను, తప్పు కోసం వెతికాను. ఒక్కటీ దొరకలేదు. ప్రతి లెక్క పక్కనా టిక్కు పెట్టుకుంటూ పోయి, చివర పద్దెనిమిది వేశాను. రిజిస్టరులోకి ఎక్కించాను, ఆన్‌లైన్లో పెట్టాను. గర్వంగా కూడా ఉండింది. ఇస్త్రీ చేసి పడేయలేదు కదా, దిద్దాను కదా!

మళ్లీ కరోనా పెరిగింది, బడి మూసేశారు. పబ్లిక్ పరీక్షలు రద్దు. పెట్టిన ఆ ఒక్క ఎఫ్ఏ మార్కునే అయిదుతో గుణించి గ్రేడు ఇస్తారన్నారు. నా పద్దెనిమిది తొంభై అయింది. తొంభై ఒకటుంటేనే పది పాయింట్లు, తొంభైకి తొమ్మిదే. సోషల్, హిందీ, తెలుగు, మిగతా అన్నింట్లో ఆ పిల్లకు పదికి పది వచ్చాయి. పేపరు తెరవని మహానుభావులందరూ దానికి మేలు చేశారు. తెరిచి దిద్దిన నేనే ముంచాను.

హెచ్‌ఎం దగ్గరకు పరుగెత్తాను. ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ, "పొరపాటు దిద్దిన అని నువ్వు రాసిస్తే పైకి పంపుత మేడం. రెండు దినాల టైమున్నది. కని నీకు మెమో వస్తది, మల్ల నన్ననొద్దు" అన్నారు. నేను పొరపాటు దిద్దానా? నేను! ఇస్త్రీ సారు ముందు, నల్ల టీవీ మేడం ముందు, నేను తప్పు దిద్దానని కాగితం మీద రాసివ్వాలా? చూస్తాను సార్ అని వచ్చేశాను. తెల్ల కాగితం తీశాను, పెట్టేశాను. ఆ రెండు రోజులూ అట్లాగే గడిచిపోయాయి.

సాగర్ రోడ్డు పొడవునా ప్రైవేటు బడుల ఫ్లెక్సీలు వెలిశాయి. క్లాసుకు క్లాసంతా పదికి పది. పాఠం చెప్పని బడి, పరీక్ష పెట్టని బడి కూడా పది పంచిపెట్టింది. ఆడపిల్లల కాలేజీ జాబితా పదుల దగ్గరే ఆగిపోయింది. మా పిల్లది తొమ్మిది పాయింట్ ఎనిమిది.

సర్టిఫికెట్ల కోసం తండ్రితో వచ్చింది. మాస్కు పైన కళ్లు ఉబ్బి ఉన్నాయి. తండ్రి తలుపు దగ్గరే నిలబడ్డాడు. నా బల్ల ముందుకొచ్చి మెల్లగా అడిగింది.

"నా రెండు మార్కులు ఏడ పోయినయ్ మేడం?"

ఆ పేపరు నా వెనుక బీరువాలోనే ఉంది. తాళంచెవి నా చేతిలో ఉంది. సోషల్ సారు దినపత్రిక చదువుకుంటున్నవాడల్లా తలెత్తి చూశాడు.

"స్టెప్పులు వదిలిపెట్టినవ్ బిడ్డా" అన్నాను.

"ఏ లెక్కల మేడం? అన్నీ రాసిననే."

"రెండిట్ల వదిలినవ్. తొందరల తెల్వదు. మస్తు మంది గట్లనే చేస్తరు."

పిల్ల నేల చూపులు చూస్తూ గుర్తు చేసుకుంది. ఏ లెక్కో, ఏ స్టెప్పో. లేనిదాన్ని వెతుక్కుంటోంది పాపం. చివరికి, "అవ్ మేడం, తొందరపడ్డనేమో" అంది.

తండ్రి చేతులు జోడించాడు. "నేను చెప్తనే ఉంట మేడం, జర నిమ్మలంగ రాయి బేటీ అని. ఇనదు. మీరు గింత కష్టపడి చెప్పిన్రు, ఇదే చేతులార పోగొట్టుకున్నది. ఏమనుకోకుండ్రి."

నేనేమీ అనుకోనని చెప్పాను. రిజిస్టరు తెరిచి, సర్టిఫికెట్ తీసుకున్నట్టు సంతకం ఎక్కడ పెట్టాలో పిల్లకు చూపించాను. సంతకం పెట్టి, పెన్ను నాకు తిరిగిచ్చి, తనను క్షమించమంది.