దుద్దులు తియ్యమన్నది నేనే

మా అపార్టుమెంటు సెల్లారులో ఇస్త్రీ చేసే ఆయన నిన్న ఎవరివో తెల్ల నూలు చీరలకు గంజి పెట్టి ఇస్త్రీ చేస్తున్నాడు. వేడి పెట్టె కింద గంజి మాడిన వాసన లిఫ్టు దాకా వచ్చింది. కూరల సంచీ చేతిలో పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఏం కావాలమ్మా అని ఆయన అడిగితే ఏమీ వద్దన్నాను. ఆ వాసన నాకు సలోమి సిస్టరు వాసన. ఆమె పోయి చాలా ఏళ్ళయింది. మంచివాళ్ళు గుర్తొస్తే మనసు కుదుటపడుతుందంటారు. ఆమె గుర్తొస్తే మాత్రం నాకు పొయ్యి మీద ఏదో పెట్టి మరిచిపోయి వచ్చినట్టు ఉంటుంది.

ఉక్కు ఫ్యాక్టరీ ఉన్న భిలాయిలో, కోహ్కా బస్తీలో, ఆమెది మా ఇంటికి నాలుగిళ్ళ అవతల. విజయనగరం దగ్గర్నుంచి నర్సుగా వచ్చి, ముప్పై ఏళ్ళు ఆసుపత్రి వార్డుల్లో తిరిగి, రిటైరయ్యాక కూడా గంజిపెట్టిన తెల్లచీర మానలేదు. కొంగు బొడ్లో దోపుకుని మోపెడ్ మీద వెళ్తుంటే కూరగాయలమ్మే ఛత్తీస్‌గఢీ ఆడవాళ్ళు కూడా "సిస్టర్ దీదీ" అంటూ దారిచ్చేవాళ్ళు. నోరు మాత్రం మంచిది కాదు. పాస్టరు గారి ప్రసంగం సాగితే చేతి గడియారం పైకెత్తి చూపించేది. నాన్న ఆమెను అక్కా అని పిలిచేవాడు కాబట్టి నాకు అత్త అయింది, అంతకుమించి చుట్టరికం ఏమీ లేదు.

మా సంఘంలో ఆడవాళ్ళు ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేసేవాళ్ళు. వారానికోసారి సలోమత్త సంచీ పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి ఆ బియ్యం పోగుచేసి, ఇబ్బందిలో ఉన్న ఇంటికి చేర్చేది. కాలేజీ రోజుల్లో నేనూ మోపెడ్ వెనక కూర్చుని వెళ్ళేదాన్ని. ఒకసారి మరోదా అనే బస్తీలో ఒక ఇంటాయన పోయి నెల తిరగలేదు. ఆ వారం బియ్యం వాళ్ళకే అని నాకు తెలుసు. అయినా అత్త వాళ్ళ గుమ్మం ముందు కూడా సంచీ నోరు తెరిచి నిలబడింది. ఆ ఇల్లాలు లోపలికెళ్ళి పిడికెడు తెచ్చి పోసింది. సందు మలుపు తిరిగాక నేను ఉండబట్టలేక అడిగాను.

"వాళ్ళకే ఇవ్వబోతూ మళ్ళీ వాళ్ళ దగ్గర తీసుకోవడమేంటత్తా?"

"తీసుకోకపోతే ఆవిడ ఇచ్చేవోల్లలోంచి పోతాది గదే. ఆకలికి బియ్యం మనం పెట్టగలం. ఇచ్చేవోల్లలోంచి తోసేసిన మనిసిని మల్లీ అందులోకి తేవడం నీవల్ల అవుతాదేటి?"

అర్థమైందనుకున్నాను. అవ్వలేదని తెలియడానికి నాకు మూడేళ్ళు పట్టింది.

ఛత్తీస్‌గఢ్ వేరే రాష్ట్రమైన కొత్త రోజులవి. నేను కంప్యూటరు డిప్లొమా ముగించి పవర్ హౌస్ దగ్గర ఒక ఇంటర్నెట్ షాపులో పనిచేస్తున్నాను. భిలాయిలో పుట్టి పెరిగి పూణే, బెంగళూరు, మస్కట్ పోయిన మా తెలుగువాళ్ళందరికీ కలిపి ఒక మెయిల్ గ్రూపు పెట్టాను. చదువుకున్న స్కూళ్ళ కబుర్లు, పెళ్ళి ఫోటోలు, పాత జోకులు అందులో తిరిగేవి. ఎవరిని చేర్చుకోవాలో, ఏ మెయిలు ఆపాలో చెప్పేది నేనే. ఇరవై నాలుగేళ్ళకే అంత పెద్దరికం దొరికితే తలకెక్కకుండా ఉంటుందా? ఎక్కింది.

మరోదాలో లిల్లక్క అని ఒకామె బట్టలు కుట్టేది. నాకంటే పదేళ్ళు పెద్ద. ఇక్కడే పుట్టింది కాబట్టి తెలుగు మాట్లాడుతూ మాట్లాడుతూ హిందీలోకి జారిపోయేది. మొగుడు వదిలేసి వెళ్ళాక మిషన్ మీదే బతుకుతోంది. ఆమె గుండెలో ఒక కవాటం చెడిపోయిందనీ, వానలు పడేలోపు ఆపరేషన్ చెయ్యకపోతే ప్రాణానికి ముప్పనీ రాయపూర్ డాక్టరు చెప్పాడు. "ఇది పిడికెడు బియ్యంతో అయ్యేది కాదు. నీ కంప్యూటరోల్లని అడుగు," అని సలోమత్తే నాతో అన్నది. ఆ మాట నాకిప్పటికీ ఒక ఊరట. నన్ను పంపింది ఆమే.

షాపు యజమాని దగ్గర డిజిటల్ కెమెరా అరువు తీసుకుని లిల్లక్క ఇంటికి వెళ్ళాను. ఫోటో అంటే ఆమె తయారై కూర్చుంది. చిలకాకుపచ్చ చీర, తలలో కనకాంబరాలు, చెవులకు వాళ్ళమ్మ ఇచ్చిన బంగారు దుద్దులు. మిషన్ తుడిచి నూనె వేసి, దాని పక్కన కుర్చీ వేసుకుంది. కెమెరాలోంచి చూస్తే జబ్బు మనిషిలా లేదు, దుకాణం తెరుస్తున్న మనిషిలా ఉంది. ఇది చూసి ఎవరిస్తారు అనుకున్నాను. ఇంట్లో కట్టుకునే చీర కట్టుకోమన్నాను. మిషన్ దగ్గర వద్దు, గుమ్మంలో కూర్చోమన్నాను. పూలు తీయించాను. ఆమె అన్నీ చేసింది. చివరికి, "దుద్దులు కూడా తీసెయ్యక్కా," అన్నాను.

ఆమె చెయ్యి చెవి మీదికి వెళ్ళి అక్కడే ఆగింది. "ఇవి అమ్మవి. ఎప్పుడూ తియ్యలేదు. రెహనే దే నా, ఉండనీ విజయా."

"ఒక్క నిమిషమే కదక్కా."

మర బిగుసుకుపోయి రాలేదు. సబ్బునురగ రాసి తిప్పితే వచ్చింది. బోసి చెవులతో, తల కొంచెం వంచుకుని ఆమె గుమ్మంలో కూర్చున్న ఆ ఫోటో చాలా బాగా వచ్చింది. కింద ఇంగ్లీషులో రాశాను, ఈమెకు నా అనేవాళ్ళు ఎవరూ లేరు అని. రెండు వారాల్లో ఆపరేషన్‌కి సరిపడా డబ్బు వచ్చేసింది. నన్ను మెచ్చుకుంటూ ఉత్తరాలొచ్చాయి. ఏం రాశావని సలోమత్త అడిగితే ఉన్నదే రాశానన్నాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ రెండు వారాలు నేను గాల్లో తేలాను.

తర్వాత మస్కట్ నుంచి ఒకాయన చుట్టాల పెళ్ళికి భిలాయి వచ్చాడు. పెళ్ళి విందులో లిల్లక్క పట్టుచీర కట్టుకుని, చెవులకు దుద్దులు పెట్టుకుని వడ్డిస్తూ కనిపించింది. ఆ సాయంత్రమే గ్రూపులో ఆయన మెయిలు. చెవులకు బంగారమున్నావిడకి మనం డబ్బు పంపామా, ఫోటోలో అవి ఎందుకు లేవు, మనల్ని మోసం చేశారా అని. ఇక చూడాలి. పట్టుచీర ఎక్కడిదని ఒకరు, ముందు ఆ దుద్దులు అమ్మాల్సింది కదా అని ఒకరు. విచారణ అయ్యేదాకా ఆసుపత్రికి డబ్బు కట్టొద్దని ఇద్దరు. ఆమె తింటున్నదీ కట్టుకుంటున్నదీ అడిగే హక్కు తమకు వచ్చిందని అందరూ నమ్మారు. ఆ హక్కు వాళ్ళ చేతిలో పెట్టింది నా ఫోటోనే.

తియ్యమన్నది నేనే అని ఒక్క వాక్యం రాస్తే అయిపోయేది. రాయలేదు. బదులుగా లిల్లక్క దగ్గరికి వెళ్ళాను. ఆమె మిషన్ తొక్కుతోంది.

"అక్కా, ఆపరేషన్ అయ్యేదాకా ఆ దుద్దులు పెట్టుకోకుండా ఉండొచ్చు కదా. అందరూ అడుగుతున్నారు."

మిషన్ ఆగింది. "అందరూ అంటే ఎవరు?"

నేను చెప్పాను. ఆమె చేతిలోని గుడ్డ మడత పెట్టింది, విప్పింది, మళ్ళీ మడత పెట్టింది.

"నాకాపరేషన్ వద్దు. వాళ్ళ పైసలు వాళ్ళకి వాపస్ చేసెయ్."

"వానలు రాకముందే అన్నాడు కదక్కా డాక్టరు."

"అన్నాడు," అని మళ్ళీ మిషన్ తొక్కడం మొదలుపెట్టింది. ఆమె ఆయాసం ఆ చప్పుడులో కూడా వినిపిస్తూనే ఉంది.

లిల్లక్క దగ్గర విని, నా మెయిలు ఎవరిచేతో చదివించుకుని, మర్నాడు పొద్దున్నే సలోమత్త మా ఇంటికొచ్చింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. "ఆ కెమెరా పట్రా," అన్నది. ఇంకా తిరిగివ్వలేదు, లోపల్నుంచి తెచ్చాను. నన్ను మా గుమ్మంలో కూర్చోమంది. జడ విప్పమంది. మంచి చున్నీ తీసేసి పాతది వేసుకోమంది. వీధిలో పాలబ్బాయి, ఎదురింటి గుప్తాగారి భార్య ఆగి చూస్తున్నారు. "దుద్దులు తియ్యి," అన్నది. ఒకటి తీశాను. రెండోదానికి చెయ్యి లేవలేదు. అత్త కెమెరా తిరగేసి పట్టుకుంది, అద్దం ఆమె ముక్కువైపే ఉంది, అయినా నాకు నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది.

"తల దించు. నీకెవులూ లేరు గదా," అన్నది.

లోపల్నుంచి మా అమ్మ ఉరికొచ్చింది. "అదేంటి వదినా ఆ మాటలు! మేమంతా చచ్చిపోయామా?"

"మరి లిల్లీకి మనం లేమేటి?" అని అడిగి, అత్త కెమెరా కింద పెట్టింది. ఆ వేసవంతా లిల్లక్కకి వంతులేసుకుని అన్నం పంపిన ఇళ్ళలో మాదీ ఒకటి.

"ఇప్పుడేం చెయ్యమంటావత్తా?"

"నువ్వేటి సేసినావో అదే రాయి."

"గ్రూపులోంచి నన్ను తీసేస్తారు."

"దానికి పెద్దదానివి నువ్వే గదే. నిన్నెవులు తీసేత్తారు?"

షాపులో కూర్చుని రాశాను. పంపబోతుంటే అత్త నా చెయ్యి పట్టుకుని ఆపింది. "ఎవుల గురించి రాసినావో ఆ మనిసికి సదివి వినిపించినావేటి?" వెళ్ళి లిల్లక్కని మోపెడ్ మీద ఎక్కించుకొచ్చింది. పక్కన స్టూలు మీద కూర్చున్న ఆమెకి ఒక్కో వాక్యం తెలుగులో చెప్పాను. తియ్యమన్నది నేనే అన్నచోట ఆమె నా మొహంలోకి చూసింది, కంప్యూటరులోకి కాదు. "ఇంటాయన వదిలేసినాడని రాసినావే, అది కొట్టెయ్. వాళ్ళకెందుకది?" అన్నది. కొట్టేశాను. "నా కుట్టు బాగుంటాదని రాయి. జాకెట్టు మెడ నాలాగ భిలాయిలో ఎవరూ కుట్టలేరు," అన్నది. అదీ రాశాను. అప్పుడుగానీ అత్త నా చెయ్యి వదల్లేదు.

నన్ను తిట్టినవాళ్ళు చాలామందే. కొందరు గ్రూపు వదిలి వెళ్ళారు, కొందరు డబ్బు వెనక్కి తీసుకున్నారు. మస్కట్ ఆయన ఉలకలేదు పలకలేదు. పూణే నుంచి ఒకామె మాత్రం జాకెట్టుకి ఎంత తీసుకుంటారని అడిగింది. తగ్గినదాని కోసం అత్తా నేనూ టౌన్‌షిప్ సెక్టార్లన్నీ తలుపు తలుపూ తిరిగాం. వెళ్ళిన ప్రతి ఇంటికీ నా తప్పు నేనే చెప్పాలని అత్త షరతు. ఆ తిరుగుడుకి నెల పట్టింది. ఆపరేషన్‌కి వెళ్ళిన రోజు రాయపూర్‌లో వాన దంచి కొడుతోంది. ఆలస్యమైన ఆ నెల నా ఖాతాలోదే.

లోపలికి తీసుకెళ్ళేముందు నర్సు వచ్చి ఒంటిమీద నగలు తీసెయ్యమంది. లిల్లక్క తనే మర తిప్పి దుద్దులు రెండూ తీసి నావైపు చాపింది. నా చెయ్యి ముందుకి రాలేదు.

"పట్టుకో. ఈసారి భద్రంగా దాచడానికే," అన్నది.

వరండాలో బల్ల మీద అత్త పక్కన కూర్చున్నాను. నన్ను తినేస్తున్న ప్రశ్న అప్పుడే బయటికొచ్చింది. "అత్తా, ఆ రోజు దుద్దులతోనే ఫోటో తీసుంటే డబ్బొచ్చేదంటావా?"

"వచ్చీది కాదు."

"మరి?"

"మరేటి. నాకూ తెలీదే," అన్నది. నన్ను ఓదార్చడానికైనా ఆమె అబద్ధం చెప్పలేదు.

లిల్లక్క బతికింది. ఇప్పటికీ కుడుతోంది, నా కూతురి గౌన్లు కూడా ఆమె కుట్టినవే. నాతో బాగానే మాట్లాడుతుంది. కానీ నేను ఫోన్ పైకెత్తితే మాత్రం, "ఫోటో వద్దులే విజయా," అని లోపలికి వెళ్ళిపోతుంది. ఆ ఫోటో ఎందరి మెయిలు పెట్టెల్లో ఉండిపోయిందో, దాన్ని వెనక్కి తీసుకునే దారి నాకు తెలియదు.

ఇప్పుడు ఫోన్లలో గ్రూపులు, పని ఇంకా తేలిక. ఎవరికైనా సాయం అడగాల్సి వస్తే రాయమని నాకే చెబుతారు. నేను రాసింది పట్టుకెళ్ళి ఆ మనిషి ముందు కూర్చుని చదువుతాను. కొట్టెయ్యమన్నది కొట్టేస్తాను. పోయిన వారం మా వీధిలో పాచిపని చేసే ఒకామె కొడుకు డయాలసిస్ కోసం పేజీ రాస్తే, ఆమె అందులో నాలుగు వాక్యాలే మిగల్చింది. ఫోటో వద్దంది. ఆ నాలుగే పంపాను. సగం కూడా రాలేదు. ఫోటో ఉంటే వచ్చేది, నాకు తెలుసు, ఎలా తియ్యాలో కూడా తెలుసు. పొద్దున్నుంచి ఫోన్ తీసి చూస్తున్నాను, పెడుతున్నాను. ఆమెకిచ్చిన మాట తప్పను. కానీ ఆ కుర్రాడికి ఏమైనా అయితే సలోమత్త ఏమనేదో నేను చెప్పలేను, అడుగుదామంటే ఆమె లేదు. తగ్గినదాని కోసం తలుపు తలుపూ అడగడానికి చెప్పులేసుకుని బయల్దేరుతున్నాను. మొదటి తలుపు ఎదురింటిదే.