అక్క చేసిన పాటల రోలరు

హైదరాబాదులో నా గదిలో కూర్చుని సీక్వెన్సరుకు తెగిన వైరు అతికిస్తుంటే సోల్డరు కాలిన పొగ ముక్కుకు తగిలింది. సీక్వెన్సరు తానుగా పాడే పెట్టె కాదు. ఏ స్వరం ఎప్పుడు పలకాలో పక్కనున్న సింథసైజరుకు వరసగా చెబుతుంది, ఎనిమిది గుండీలు తిప్పి ఎనిమిది స్వరాలు పెడితే అవే మళ్ళీ మళ్ళీ తిరుగుతాయి. నాటకాలకు, చిన్న సినిమాలకు దీనితోనే సంగీతం చేసి బతుకుతున్నాను. ఎక్కడ నేర్చుకున్నావని అడిగినవాళ్ళకు ఇంటర్నెట్‌లో అని చెబుతాను. అది అబద్ధం. నేను నేర్చుకున్నది బొగ్గు గనుల పక్కనున్న సెంటినరీ కాలనీలో, మా అక్క స్వరూప దగ్గర.

మాది రెండు గదుల కంపెనీ క్వార్టరు. పొద్దున్నే ప్రతి వాకిట్లో బొగ్గుల పొయ్యి రాజుకునేది, ఆ పొగ వరుసంతా పాకి ఆరేసిన బట్టల్లోకి, పెరుగన్నంలోకి కూడా దూరేది. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు జరిగితే గూట్లో గిన్నెలు గలగలమనేవి. షిఫ్టు సైరన్ మోగితే ఎవరి నాయిన వస్తాడో, ఎవరి నాయిన పోతాడో మాకు ఒకరు చెప్పనక్కర్లేదు. వానలు తగ్గిన రోజుల్లో బొగ్గు ముక్కతో గచ్చు మీద గళ్ళు గీసి తొక్కుడుబిళ్ళ ఆడి, నల్లబడ్డ కాళ్ళతో ఇంట్లోకొస్తే అమ్మ వీపు మీద ఒకటి వేసి, వేడి సర్వపిండి చేతిలో పెట్టేది. నాయిన బొగ్గు బాయిలో పనిచేసేవాడు. డ్యూటీ నుంచి వచ్చి ఆయన పడుకుంటే ఇంట్లో చెంచా కింద పడకూడదు. పడితే, ఎవరి చేతిలోంచి పడిందని అడగడు, దగ్గరున్నవాళ్ళను కొట్టేవాడు. దగ్గరుండేది ఎప్పుడూ అక్కే. నేను పరుగెత్తడం తొందరగా నేర్చుకున్నాను.

అప్పుడు అక్కకు పదహారేళ్ళు, నాకు పదకొండు. పండుగలకు సీరియల్ బల్బుల దండలు కట్టే మల్లేశం కాక మా వరుసలోనే ఉండేవాడు. ఆయనకు మాడిన బల్బులు మార్చిపెడుతూ అక్క వైర్ల పని పట్టేసింది. కాక దగ్గర ఒక పాత కర్ర రోలరు ఉండేది. చుట్టూ మేకులతో రేకు ముక్కలు కొట్టిన ఆ రోలరును చిన్న మోటారు తిప్పుతుంటే, రేకులు పక్కనున్న ఇత్తడి పుల్లలకు తగిలి, బల్బులు ఒకదాని వెనక ఒకటి వెలిగి ఆరేవి. కాక దాన్ని పారేస్తానంటే అక్క అడిగి తెచ్చుకుంది. పిల్లలు ఆడుకునే కీబోర్డు ఒకటి విప్పి, ఎనిమిది మీటల కింద వైర్లు అతికి, వాటిని ఎనిమిది ఇత్తడి పుల్లలకు కలిపింది. ఇక రోలరు తిరిగితే బల్బులకు బదులు స్వరాలు. రేకు ఎక్కడ కొడితే పాట అక్కడ మారేది. మోటారుకున్న రెగ్యులేటరు తిప్పితే మెల్లగానో జోరుగానో సాగేది. నెల రోజులు కష్టపడి అక్క ఒక బతుకమ్మ పాట వరస దాని మీద కూర్చింది. నూనె డబ్బాల రేకు కత్తిరించడం నా పని. నా వేళ్ళు తెగితే పసుపు అద్ది, "వినాయకుని కాడ రెగ్యులేటర్ నువ్వే తిప్పాలె చెల్లె" అనేది.

ఆ ఏడాది వినాయక మండపంలో దాన్ని వినిపించడానికి కాలనీ పెద్దలు ఒప్పుకున్నారు. నాయిన తన షిఫ్టు వాళ్ళందరినీ రమ్మన్నాడని అమ్మ చెప్పింది. పులిహోర, గుడాల వాసనతో మండపం నిండిపోయిన ఆ సాయంత్రం, తెర వెనక అక్క రెగ్యులేటరును తన స్నేహితురాలు రజిత చేతిలో పెట్టింది. రజిత ఆఫీసరు బిడ్డ, కొత్త పట్టులంగా కట్టుకుని వచ్చింది.

"నీ చేతులు వణుకుతయి, నువ్వు ముందల కూసో," అంది అక్క నాతో, నా వైపు చూడకుండానే.

వాళ్ళిద్దరూ హారతికి వెళ్ళారు. గంటలు, డప్పులు మోగుతుండగా నేను రోలరు నుంచి మూడు రేకులు పీకి, రాయితో వేరేచోట కొట్టాను. ఎక్కడ కొడితే పాట చెడుతుందో అక్కే నేర్పింది కాబట్టి వెతుక్కోవలసిన పని లేకపోయింది.

తెర తీశాక పాట మొదటి వరస సరిగానే పోయింది. కొందరు ఆడవాళ్ళు చప్పట్లు కలపబోయారు. అంతలో మూడు స్వరాలు ఒకేసారి పలికేసరికి, మైకులో అది కీచుమని అరిచింది. రోలరు తిరిగిన ప్రతిసారీ అదే చోట అదే అరుపు.

"ఏంరా రాజయ్యా, నీ బిడ్డ పందిపిల్లను పట్టుకచ్చిందా?" అన్నాడు నాయినతో, ఆయన షిఫ్టులో పనిచేసే ఒకాయన.

జనమంతా నవ్వారు. పిల్లలు పందుల్లా అరవడం మొదలుపెట్టారు. రజిత రెగ్యులేటరు కింద పెట్టి, తనకేమీ తెలియదన్నట్టు పక్కకు జరిగింది. అక్క మోకాళ్ళ మీద కూర్చుని, రోలరు ఆపి, వేళ్ళతో మేకులు తడిమింది. తర్వాత తల ఎత్తి నా వైపు చూసింది. నేను ముందు వరుసలో, మిగతా పిల్లలతో కలిసి అరుస్తున్నాను.

నాయిన ఆ రోజు ఆమెను కొట్టలేదు. తెల్లవారి గొడ్డలితో రోలరును నాలుగు చెక్కలు చేసి, పొయ్యిలో పెట్టి, ఊదుగొట్టం అక్క చేతికిచ్చాడు.

"ఊదు. మంచిగ ఊదు, నీళ్లు మసలాలె. ఇంకోపాలి వైరు పట్టినవంటే చేతి ఏళ్ళు ఇరగ్గొడ్త."

ఆ నీళ్ళతో ఆయన స్నానం చేశాడు. మిగిలిన వాటితో అమ్మ నాకు తలంటింది. అక్క ఆ తర్వాత వైరు ముట్టలేదు, మల్లేశం కాక పిలిచినా పోలేదు. ఏడాది పాటు ఆమె వీధిలో కనిపిస్తే చాలు, పిల్లలు పందిలా అరిచేవాళ్ళు. వాళ్ళతో ఉన్నప్పుడు నేనూ అరిచేదాన్ని.

పోయినేడు శ్రీరాంపూర్‌లో అక్క ఇంటికి వెళ్ళాను. ఆమె అక్కడ బట్టలు కుడుతుంది. జాకెట్టుకు హుక్కులు వేస్తుంటే పక్కన కూర్చుని, ఆ రేకులు మార్చింది నేనేనని చెప్పాను.

"ఎరుకే," అంది సూది ఆపకుండా. "రాయితోని కొట్టిన మేకు వంకర పోతది."

నాయినకు ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నువ్వే చెప్తవేమోనని చూసిన. ఆయన గొడ్డలి తెచ్చినప్పుడు గూడ నీ దిక్కే చూసిన. నువ్వు నీళ్లు కాగినయా అని అడిగినవ్."

ఆ మాట అన్నట్టు నాకు గుర్తు లేదు. అక్క అబద్ధం చెప్పదు.

మా వరుస క్వార్టర్లు కూలగొట్టారు, అక్కడ సర్కారు తుమ్మ మొలిచింది. బొగ్గుల పొయ్యిలు లేవు, మల్లేశం కాక లేడు, నాయిన లేడు. మండపాల్లో బల్బులను ఇప్పుడు అరచేతిలో పట్టే ప్లాస్టిక్ డబ్బా నడిపిస్తుంది. నేను ఫోన్ చేస్తే అక్క ఎత్తుతుంది. బాగున్నవా అంటుంది, తిన్నవా అంటుంది, జాకెట్టు కోసం ఎవరో వచ్చారని పెట్టేస్తుంది. తనంతట తాను ఎప్పుడూ చేయదు.