కోసమా, కోపమా?

మా బావ ఎత్తిరాసిన పాత నాటకాన్ని నా షాపులో కంప్యూటరు చేత చదివిస్తే, పడిశం పట్టినవాళ్ళంతా కలిసి ఆడుతున్న నాటకంలా వచ్చింది. "నేనుం ఎక్కడికీం వెళ్ళనుం. తలుపుం మీరే వేసుకోండిం." ఒక మాట కాదు, రెండు మాటలు కాదు, పేజీ నిండా ఇదే వరస. స్క్రీను వంక చూశాను, బావ వంక చూశాను.

"ఇదేం భాష బావా? సంస్కృతమా?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "నేనిలా రాయలేదే. రాశానంటావా?" అన్నాడు గుసగుసగా.

నాకేం తెలుసు? నాది మెట్ల కింద జిరాక్సు షాపు. ఒక మనిషి లోపలికొస్తే ఇంకో మనిషి బయట నిలబడాలి. పాత రాతలు చదివి టైపు చేసిపెట్టే ఏఐ ఒకటి ఈ మధ్యే మా అమ్మాయి నా కంప్యూటర్లో పెట్టింది. కాగితం ఫోటో తీసి చూపిస్తే చాలు. స్థలం పత్రాలు చదివింది, తాతల నాటి రసీదులు చదివింది, ఆఖరికి డాక్టరు చీటీ కూడా చదివింది. డాక్టరు చీటీ చదివినదానికి బావ రాత ఒక లెక్కా అనుకున్నాను. నా అంచనాలు ఎప్పుడూ ఇలాగే ఏడుస్తాయి.

బావ అంటే మా అక్క మొగుడు. పగలంతా గిడ్డంగిలో గుమాస్తా, సాయంత్రమైతే నాటక సమాజంలో ప్రాంప్టరు. తెర పక్కన నిలబడి, మాట మరిచిపోయిన నటులకు మాట అందించే మనిషి. ఆ గొంతు స్టేజీ దాకా వినపడాలి, ముందు వరుస కుర్చీకి వినపడకూడదు. బతుకంతా ఆయన ఆ గొంతుతోనే గడిపాడు. అన్నంలోకి ఉప్పు అడిగినా గుసగుసే, పక్కింటివాళ్ళతో పోట్లాడినా గుసగుసే. అవతలివాళ్ళు "ఆఁ? ఏంటీ?" అని అడిగీ అడిగీ విసుగొచ్చి రాజీకొచ్చేవాళ్ళు. దగ్గొస్తే పరువు పోతుందని బుగ్గన ఎప్పుడూ లవంగం. అక్క ఆ సమాజంలో హీరోయిను. మాట అందిస్తూ అందిస్తూ ఓ రోజు చెయ్యి కూడా అందించాడని మా ఇంట్లో పాత జోకు. వింతేమిటంటే, అందరికీ మాటలు అందించిన ఆ మనిషికి ఒక్క డైలాగూ నోటికి రాదు. "చూసి చెప్పేవాడికి బట్టీ ఎందుకే?" అంటాడు. ఆ మాటే ఇప్పుడు మా కొంప ముంచింది.

అక్కకి మతిమరుపు జబ్బు. నన్ను గుర్తుపట్టదు. కట్టుకున్నవాణ్ణి పట్టుకుని "మీరెవరండీ, నిలబడ్డారేం, కూర్చోండి" అంటుంది. అయితే ఆ నాటకంలో ఎదుటి పాత్ర మాట బావ అందిస్తే చాలు, తన మాట ఠక్కున చెప్పేది. ఆ గొంతు, ఆ చూపు, ఆ మెడ తిప్పడం అన్నీ పాతవే. ఆ మాటల మీదే మంచం దిగేది, నీళ్ళు పోసుకునేది, కంచం ముందు కూర్చునేది. ఈ ఏడాది మొదటి రెండు అంకాలూ ఆవిడలోంచి జారిపోయాయి. బావ అందిస్తాడు, అక్క మర్యాదగా నవ్వి ఊరుకుంటుంది. ఇక మిగిలింది చివరి అంకం. అది రాసిన కాగితాలేమో అలమర వెనక గోడ చెమ్మగిల్లి తడిసిపోయాయి. సిరా పాకింది, బావ కళ్ళు చాలవు.

"ఆ అంకం ఇంకా మీ అక్కలో ఉందే, నాకు తెలుసు," అన్నాడు బావ, ఆ తడి కాగితాలు నా బల్ల మీద పెడుతూ. "సరిగా అన్నం ముట్టి ఎన్నాళ్ళయిందో. అదొక్కటీ చదివిపెట్టవే తల్లీ."

అందుకని కూర్చున్నాం. టీ తాగాక బావ నుదురు కొట్టుకున్నాడు. "అయ్యో నా మతి మండా! అవి ఊపిరి సున్నలే!" నటులు ఎక్కడ ఊపిరి తీసుకోవాలో అక్కడ ఆయన చిన్న సున్న చుట్టేవాడట. కంప్యూటరు పాపం వాటినీ అక్షరాల్లో కలిపేసి చదివింది. సరే, సున్నలు తీసెయ్యమని దానికి చెప్పాను. మహా బుద్ధిమంతురాలు, ఉన్న సున్నలన్నీ తీసేసింది. "అన్నం పెట్టనా?" అని ఉండాల్సిన చోట "అన్న పెట్టనా?" అని వచ్చింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. చివరికి ఏ సున్న ఊపిరిదో ఏ సున్న మాటదో మేమిద్దరం కూర్చుని ఏరుకున్నాం. బయట జిరాక్సులకొచ్చినవాళ్ళు నా తిట్లు వింటూ నిలబడ్డారు.

అన్నీ కుదిరాయి గానీ ఒక్క దగ్గర చిక్కుపడ్డాం. నాటకంలో మొగుడు అలిగి భోజనానికి రాడు, పెళ్ళాం ఏడుస్తుంది, అప్పుడతను అడిగే మాట. కంప్యూటరు "ఎవరి కోసం ఈ కన్నీళ్ళు?" అంది. దానికి పెళ్ళాం జవాబు "ఎవరి కోసమూ కాదు, పొగ." ఎందుకైనా మంచిదని ఇంకోసారి చదివించాను. ఈసారి "ఎవరి కోసం ఈ కట్నాలు?" అంది. మూడోసారి మళ్ళీ కన్నీళ్ళకొచ్చింది. చదువుతోందా, ఊహిస్తోందా? మనిషైతే చెవి మెలేసి అడుగుదును.

బావ కాగితాన్ని దీపానికి ఎదురుగా పట్టుకున్నాడు. "స లాగే ఉంది. ప లాగా కూడా ఉంది. నా చేతిలో ఆ రెండూ కవలపిల్లలే. కోపం కాదు కదా?"

"ఎవరి కోపం ఈ కన్నీళ్ళు అంటే ఏమైనా అర్థముందా బావా? అర్థం లేని మాట నాటకంలో ఎవరు రాస్తారు? కింద జవాబులో కోసమూ అనే ఉందిగా. అది చెప్పిందే రైటు," అన్నాను. ఆయన తలూపాడు. పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసి ఇచ్చాను.

ఇంటికెళ్ళేసరికి అక్క కిటికీ దగ్గర కుర్చీలో ఉంది. కంచం ఎదురుగా స్టూలు మీద ఉంది. బావ ఆవిడకి కుడిపక్కన, తలుపు చాటున నిలబడ్డాడు. సమాజంలో ఆయన చోటు అదేనట. లవంగం బుగ్గన పెట్టుకుని మొదటి మాట అందించాడు. అక్క తల ఎత్తింది. జవాబు చెప్పింది! "నేను ఎక్కడికీ వెళ్ళను. తలుపు మీరే వేసుకోండి." రెండోది అందించాడు, చెప్పింది. మూడోది చెప్పింది. బావ మొహం వెలిగిపోతోంది.

తర్వాత ఆ మాట వచ్చింది.

"ఎవరి కోసం ఈ కన్నీళ్ళు?"

అక్క నోరు తెరిచింది, మూసుకుంది. బావ మళ్ళీ అన్నాడు. ఆవిడ కొంగు నలపడం మొదలుపెట్టింది. ఇంకోసారి అన్నాడు. కుర్చీలోంచి సగం లేచి ఎటు వెళ్ళాలో తెలియనట్టు చూసి మళ్ళీ కూలబడింది. వరస తప్పిందేమోనని బావ మొదటి నుంచి అందించాడు. ఈసారి మొదటి మాటకే అక్క మర్యాదగా నవ్వింది. మొదటి రెండు అంకాలూ జారిపోయినప్పుడు నవ్విన నవ్వే అది. కాగితం తప్పా, కంప్యూటరు తప్పా, లేక అక్కలో అది కూడా అయిపోయిందా? ఎవరిని అడగాలి? అడిగితే చెప్పగలిగిన మనిషి ఆ కుర్చీలోనే కూర్చుని ఉంది.

"నీ దిక్కుమాలిన యంత్రం!" అని అరిచాడు బావ. అరిచాడు! ఇన్నేళ్ళలో ఆయన అసలు గొంతు నేను వినడం అదే మొదటిసారి. కాగితం విసిరికొడితే మంచం కిందకి పోయింది. "ఉన్న ఒక్కటీ చెడగొట్టింది! నువ్వు, నీ షాపు, నీ ఏఐ!"

నేనేమన్నా తక్కువ తిన్నానా? "సున్నలు చుట్టింది నువ్వు, తడవనిచ్చింది నువ్వు, చేతిరాత నీది, ఆడలేక మద్దెల ఓడని నా మీద పడతావేం? నాకు మాత్రం అక్క కాదా?" అప్పటికే నాకు ఏడుపొచ్చేసింది. "అసలు ఎవరి కోపం బావా ఇది? ఎవరి కోపం ఎవరి మీద..."

"కోపం మీది, కన్నీళ్ళు నావి," అంది అక్క.

ఇద్దరం తిరిగి చూశాం. అక్క నిటారుగా కూర్చుంది. గడ్డం కాస్త పైకెత్తి, కిటికీలోంచి దూరంగా ఎవరికో వినిపించాలన్నట్టు, "పంపకం అయిపోయిందిగా. ఇంక భోజనానికి లేవండి," అంది. అని ఆగింది, చప్పట్లు పూర్తయ్యేదాకా ఆగినట్టు.

బావ తలుపు పట్టుకున్నాడు. "ఓరి భగవంతుడా," అన్నాడు, మళ్ళీ గుసగుసలోకి వచ్చేసి. "మొదటి ఆటకి నేనే తప్పు చదివానే. కోసంని కోపం అన్నాను. ఆ హీరో వెధవ అందించింది అందించినట్టు అనేశాడు. మీ అక్క రెప్ప వెయ్యకుండా ఈ జవాబు చెప్పి నిలబెట్టింది. హాలు హాలంతా ఒకటే చప్పట్లు. రచయితకి ఒళ్ళు మండి, పుస్తకంలో దిద్దడానికి వీల్లేదన్నాడు. ఆ తర్వాత ప్రతి ఆటలోనూ అందరూ ఆ తప్పు మాటే చెప్పారు, నేను అందించే పనే లేకపోయింది. ఆ మాట దగ్గర నేను లవంగం మార్చుకునేవాణ్ణే!"

నా బుర్ర తిరిగిపోయింది. అంటే కాగితం రైటు. కంప్యూటరు చదివిందీ రైటు. అక్కా రైటే. అందరూ రైటయితే మరి ఇందాకటి నుంచి మేం ఏడ్చిన ఏడుపేంటి? తప్పుని వెతుక్కోవాల్సింది పోయి రైటుని వెతుక్కున్నామా? ఇప్పటికీ నాకు సరిగ్గా తెగలేదు.

అప్పుడు అక్క పెదాలు కదిలీ కదలనట్టు ఉంచి, తల కుడిపక్కకి రవ్వంత వంచింది. మొగుణ్ణి గుర్తుపట్టని మనిషి, తలుపు చాటున ఎవరుండాలో మాత్రం మరిచిపోలేదు.

"అందించవయ్యా," అంది చిన్నగా. "జనం చూస్తున్నారు."

బావ మంచం కింద కాగితం కోసం వంగబోయాడు. వంగలేక ఆగాడో, వద్దనుకుని ఆగాడో తెలియదు. లవంగం నోట్లోంచి తీసి జేబులో వేసుకుని, తలుపు చాటు నుంచి గదిలోకి వచ్చి అక్క ఎదురుగా నిలబడ్డాడు.

"లేస్తున్నాను. నువ్వూ రా, చల్లారిపోతోంది," అన్నాడు. గుసగుసగా కాదు, మామూలు గొంతుతో.

ఆ మాట నాటకంలో ఉందో, ఆయన సొంతమో నాకు తెలియదు. అక్క లేచింది.